మూన్నాళ్ళ నీలం

ప్రవీణ్ ఉంగరం ఐదు నిమిషాల్లో అయిపోయింది. కొట్టు యజమాని మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రవీణ్ మధ్యలోది వేలికి తొడుక్కొని, పిడికిలి రెండుసార్లు మూసి తెరిచి, "ఇది చాలప్పా" అన్నాడు. అతని రాశి ఏదని ఎవరూ అడగలేదు.

సాయి ప్రియ వంతు వచ్చేసరికి అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ప్రవీణ్ తండ్రి శేషయ్య కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. తల్లి నాగేశ్వరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. వాళ్ళు ముగ్గురూ ఆళ్లగడ్డ నుంచి పొద్దున బస్సుకే నంద్యాల వచ్చారు. ఆడపిల్ల వైపు నుంచి సాయి ప్రియ, ఆమె తల్లి కమలాక్షమ్మ, అంతే. పదిహేను రోజుల్లో నిశ్చితార్థం. పెళ్ళికొడుకు ఉంగరం వీళ్ళు పెట్టాలి, పెళ్ళికూతురు ఉంగరం వాళ్ళు పెట్టాలి. ఎవరికి నచ్చింది వాళ్ళు ఏరుకోవాలని ముందే అనుకున్న మాట.

యజమాని కెంపు చూపించాడు, పచ్చ చూపించాడు, పగడం చూపించాడు. ఒక్కొక్క రాయి ఒక్కొక్క తెల్ల కాగితం మడతలో ఉంది. ఆ మడతల్లో ఒకదాన్ని అతను విప్పకుండానే పక్కకు నెట్టడం సాయి ప్రియ కనిపెట్టింది.

"అదేందన్నా?"

"అది నీలమమ్మా. అడిగినోళ్ళకే చూపిస్తాం."

"అడుగుతాండా గదా."

అతను శేషయ్య ముఖం వైపు ఒకసారి చూసి మడత విప్పాడు. సాయి ప్రియ విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. నీలం రంగు ఆమెకు కొత్త కాదు. మందు పట్టించిన పత్తి విత్తనాలు లెక్కపెట్టిన రోజు సాయంత్రం దాకా వేళ్ళకు ఆ రంగు వదలదు. కానీ ఇది పైన పూసిన రంగు కాదు. లోపలెక్కడో మొదలై పైకి వస్తున్నట్టుంది. ఆమె బల్ల మీదున్న సన్న పట్టుకారు అందుకుని, విత్తనాన్ని ఎత్తినట్టే రాయిని నొక్కకుండా ఎత్తింది. కొట్లో దీపాల వెలుగును నమ్మక, లేచి మెట్ల మీదికి పోయి ఎండకు పట్టి చూసింది. లోపల వెంట్రుకవాసి గీత ఒకటి అడ్డంగా కనిపించింది.

"గీత ఉండాదే" అంది తిరిగొచ్చి.

"అదుంటేనే రాయమ్మా. అదీ లేకపోతే గాజు."

"అయితే నాకిదే కావాల."

కమలాక్షమ్మ బల్ల కింద కూతురి తొడ గిల్లింది.

"శని రాయి గదమ్మా అది" అన్నాడు శేషయ్య. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. "పడితే రాజును చేస్తాది. పడకపోతే ఇంటికి తడికె గూడ మిగలనీదు."

"నాకు ఉంగరం చాలు మామా, రాజ్యం వద్దులే."

ప్రవీణ్ నవ్వబోయి తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు. శేషయ్య ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. ఆళ్లగడ్డ సిద్ధాంతితో మాట్లాడుతూ వీధిలో ఈ చివరికీ ఆ చివరికీ నాలుగుసార్లు నడిచాడు. లోపలికొచ్చి నిలబడే చెప్పాడు.

"కట్టి చూడమన్నాడు. రేపు శనివారం. పొద్దున తలస్నానం చేసి, నీలం గుడ్డలో చుట్టి కుడిచేతి దండకు కట్టుకోవాల. మూడు దినాలు. ఏ చెడూ జరక్కపోతే రాయి పడినట్టు."

"జరిగితే?"

"జరిగితే రాయి సంగతి ఒకటే కాదు, అన్నీ మళ్ళా చూడాలంట."

"అన్నీ అంటే?"

"జాతకాలు" అంది నాగేశ్వరమ్మ మెల్లగా, కళ్ళజోడు పెట్టుకుంటూ.

"చెడు యాడ జరిగితే మామా? మా ఇంట్లోనా, మీ ఇంట్లోనా?"

"రెండిండ్లూ ఒకటయ్యేటియే గదమ్మా."

యజమానికి ఇదంతా రోజూ ఉండే వ్యవహారమే. "నీలం ఎవరైనా కట్టి చూసే తెస్తారు. బిగించేది ఆ తర్వాతే" అంటూ రాయిని మళ్ళీ కాగితంలో మడిచి కమలాక్షమ్మ చేతిలో పెట్టాడు. ఆమె నిప్పు పట్టుకున్నట్టు పట్టుకుంది.

మెట్లు దిగుతున్నప్పుడు ప్రవీణ్ వెనకబడి, "మూన్నాళ్ళే గదా ప్రియా, వాళ్ళ తృప్తికి" అన్నాడు.

"నీకెవరూ ఏమీ కట్టలే."

"నాది ఉట్టి బంగారం గదా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "అవునులే, మేలిమి" అంది.

*

శనివారం పొద్దున కమలాక్షమ్మ పాత రవికగుడ్డ చించి, దేవుడి గూట్లో పెట్టిన పొట్లం తీసి, తనే మూటగట్టి కూతురి దండకు కట్టింది. మూడు ముళ్ళు వేసింది. ఇంత చిన్న రాయికి అంత పెద్ద ముడేమిటని సాయి ప్రియ నవ్వితే, "నోరు మూసుకో" అంది. ఆ మూడు రోజులూ ఆమె కూతుర్ని వంటింట్లో దేన్నీ ముట్టనివ్వలేదు. మజ్జిగలోకి ఉప్పు అడిగినా తనే లేచి తెచ్చి వేసింది.

ల్యాబులో సువార్తమ్మ ఆ కట్టు చూసి, "ఏం పాపా, సూది వేయించుకుంటివా?" అంది. ఇరవై ఏళ్ళుగా అక్కడ మొలకలు చూస్తున్న మనిషి. సంగతి విని చేతిలో తడి కాగితం అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"మరి ఆ అబ్బాయికి?"

"ఏమీ లేదక్కా."

"ఓహో. శనికి మగోళ్ళ అడ్రసు దొరకదేమో" అని, తడి కాగితం పరిచి వడ్లగింజల్ని వరసలుగా పేర్చడంలో పడింది. వంద గింజలు పేర్చి, పైన ఇంకో కాగితం కప్పి, చాపలా చుట్టి, చుట్టకు నంబరు రాసి మొలకల పెట్టెలో నిలబెట్టింది.

సాయంత్రం నాగేశ్వరమ్మ ఫోను చేసింది.

"ఏమన్నా జరిగిందా పాపా?"

"మంచే జరిగింది అత్తమ్మా. మూడుసార్లు వెనక్కి పంపిన రిపోర్టు ఒకటి ఈ రోజు ఒప్పుకున్నారు. పెరట్లో బీరతీగ పూతకొచ్చింది."

అవతల మగగొంతు వినిపించింది. "మంచియి వద్దు. చెడ్డయి అడుగు." నాగేశ్వరమ్మ "చెడ్డవేమీ లేవు గదా?" అంది, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు.

"లేవు."

ఆదివారం ఆమె అడగలేదు, చెప్పింది. "మా బోరు కాడ మోటారు కాలింది పాపా."

"పోయినేడు కూడా కాలిందని ప్రవీణ్ చెప్పినాడే."

"ఏటా కాల్తాదమ్మా, ఓల్టేజి నిలబడదు గదా..." అంటుండగానే వెనక దగ్గు వినిపించింది. నాగేశ్వరమ్మ మాట మార్చింది. "ఈసారి కట్టిన మర్నాడు కాలిందని ఆయన అంటాండాడు."

సాయి ప్రియ ఫోను పెట్టేసి చాలాసేపు దండ మీది మూట వైపు చూస్తూ కూర్చుంది. లోపలి రాయి గురిగింజంత లేదు. నలభై కిలోమీటర్లు దాటి వెళ్ళి మోటారు కాల్చిందట.

సోమవారం ల్యాబులో ఒక చుట్ట విప్పితే వందకు నలభై గింజలే మొలిచాయి. కోవెలకుంట్ల వైపు ఒక రైతు విత్తనం అది. ఇలా వస్తే ఆ రైతు మొత్తం పంట కంపెనీ తీసుకోదు. సాయి ప్రియ రిజిస్టరులో రాయబోతుంటే సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. పక్క చుట్ట విప్పకుండా రాయకు."

పక్క చుట్ట అంటే పోలిక కోసం పెట్టేది. బాగా మొలుస్తుందని ముందే తెలిసిన విత్తనాన్ని ప్రతిసారీ అదే పెట్టెలో, అదే నీళ్ళతో, కొత్త విత్తనం పక్కనే పెడతారు. సాయి ప్రియ విప్పింది. అందులోనూ నలభై మూడే మొలిచాయి.

"చూసినావా?" అంది సువార్తమ్మ. "విత్తనం తప్పు కాదు. పెట్టె వేడెక్కిపోయింటాది. ఇది చూడకుండా రాసింటే పాపం ఆ మనిషి మునిగిపోయింటాడు."

సాయి ప్రియ పట్టుకారు కింద పెట్టింది. పెట్టెకు ఎర్ర కాగితం అంటించి, రెండు చుట్టలూ మళ్ళీ మొదటినుంచి వేసింది.

ఆ సాయంత్రం ఫోనులో నాగేశ్వరమ్మ గొంతు మరీ చిన్నదైపోయింది. "ఆవు ఈనింది. దూడ దక్కలే." ఆ మాట పూర్తయ్యీ కాకముందే శేషయ్య ఫోను తీసుకున్నాడు. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మోటారు పోయె, దూడ పోయె. ఇంకేం చూడాల? నిశ్చితార్థం ఆపుదాం. సిద్ధాంతి జాతకాలు మళ్ళా చూస్తానంటాండాడు. మీ అమ్మకు చెప్పు."

"ఆపేది రాయినా మామా, నన్నా?"

"చూసి చెప్తామమ్మా" అన్నాడు శేషయ్య.

*

మూడు ముళ్ళలో రెండు సాయి ప్రియ గోటితో విప్పింది. మూడోది బిగుసుకుపోతే పళ్ళతో లాగింది. గుడ్డ మడతల్లోంచి రాయి అరచేతిలో పడింది. వంటింటి గుమ్మంలో నిలబడి వెలుగుకు పట్టి చూసింది. ఇటు నుంచి అటు వరకు బెజ్జం. నీలం పూస. చిన్నప్పుడు తిరునాళ్ళలో కొన్న దండలోది.

"అమ్మా."

కమలాక్షమ్మ బియ్యం కడుగుతోంది. చూడకుండానే తెలిసిపోయినట్టుంది, చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

"రాయి యాడుంది?"

"ఉప్పు జాడీలో."

"ఎప్పుడు మార్చినావు?"

"మొదటి రోజే. కట్టింది పూసనే." కమలాక్షమ్మ లేచి చేతులు చీరకు తుడుచుకుంది. "ఎట్ల కట్టమంటావే? ఉన్నదానివి ఒక్కదానివి. శనిని తెచ్చి నా చేత్తో నీకు కట్టమంటే కట్టేదాన్నా? మూన్నాళ్ళు గడిచినాక మళ్ళా మారుద్దామనుకుంటి. ఎవరికి తెలుస్తాదిలే అనుకుంటి."

సాయి ప్రియకు మొదట నవ్వొచ్చింది. జాడీ మూత తీసి, ఉప్పులో వేళ్ళు పెట్టి, కాగితం మడత తీసి దులిపింది. నీలం చెక్కుచెదరకుండా ఉంది. లోపల గీత అలాగే ఉంది. తర్వాత నవ్వు పోయింది. ఒక చేతిలో పూస, ఒక చేతిలో రాయి పెట్టుకుని పీట మీద కూర్చుండిపోయింది.

"అయితే వాళ్ళ మోటారు దేనికి కాలిందమ్మా?"

కమలాక్షమ్మ ఆ వైపు ఆలోచించనే లేదు. నిన్నటి నుంచి వాళ్ళ మోటారుకీ, ఇప్పుడు దూడకీ తన కూతురే కారణమని లోలోపల ఒప్పుకొని, రాత్రీ పగలూ దేవుడికి దండాలు పెట్టుకుంటోంది. తను కట్టింది పూసేనని తెలిసీ.

"రేపు ఆళ్లగడ్డకు పోతాండా" అంది సాయి ప్రియ.

"నిశ్చితార్థమన్నా కాకముందే ఒక్కదానివి అత్తగారింటికి పోతావా? జనం ఏమంటారు? నేనే పూస కట్టినానని తెలిస్తే వాళ్ళ ముందర నేను తలెత్తుకునేదెట్ల?"

"నీ తల దించను. కానీ దాయను కూడా. ఈరోజు మోటారు. రేపు వాన రాదు. ఎల్లుండి ఎవరికో జ్వరం. ప్రతిదానికీ నా చేతి దిక్కు చూస్తాంటే నేనాడ ఎట్ల బతకాల? ఇప్పుడే తేలిపోవాల."

*

ఆళ్లగడ్డలో బస్సు దిగి నడుస్తుంటే శిల్పుల వీధిలోంచి ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి. శేషయ్య ఇంటి వసారాలో నాగేశ్వరమ్మ ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. గేటు దగ్గర సాయి ప్రియను చూసి ఆమె గబుక్కున లేవబోయింది. ఒళ్ళోని కాయలు జారిపడ్డాయి.

"ఒక్కదానివే వచ్చినావా పాపా?"

"ఒక్కదాన్నే అత్తమ్మా. మామను పిలుస్తారా? ప్రవీణ్‌ను కూడా."

ప్రవీణ్ పెరట్లో ఉన్నాడు. పొలాలకు మందు చల్లే డ్రోను అతనిది. దాని రెక్కలు విప్పి గుడ్డతో తుడుస్తున్నవాడు, మురికి చేతులతోనే వచ్చాడు. శేషయ్య లోపల్నుంచి వచ్చి, కూర్చోమని చెప్పాలో వద్దో తేలక స్తంభానికి ఆనుకున్నాడు.

సాయి ప్రియ మిరపకాయల పక్కన నేల మీదే కూర్చుంది. సంచిలోంచి చిన్న పళ్ళెం తీసి మధ్యలో పెట్టింది. అందులో ఒక పక్క రాయి, ఒక పక్క పూస.

"మూడు దినాలూ నా చేతికి ఉన్నది ఈ పూస. రాయి మా ఇంట్లో ఉప్పు జాడీలో ఉండింది. మా అమ్మ భయపడి మార్చింది. నాకు నిన్న సాయంత్రమే తెలిసింది."

శేషయ్య ముఖం ఎర్రబడింది. "అంటే మమ్మల్ని మోసం చేసినారు."

"మా అమ్మ భయపడింది మామా. మీరూ భయపడినారు. ఆమె భయపడి రాయిని మార్చింది, మీరు భయపడి పెళ్ళికూతుర్ని మార్చాలనుకుంటాండారు. ఎవరిది పెద్ద తప్పో నేను చెప్పను. ఒక్కటి చెప్పండి. మోటారు పూసకు కాలిందా? దూడ పూసకు పోయిందా?"

"రాయి మీ ఇంట్లోనే ఉండింది గదా. జాడీలో ఉన్నా శని శనే."

"కట్టి చూస్తేనే తెలుస్తాదని మీరే అంటిరి. జాడీలో ఉంటే ఉప్పు చెడిపోవాల. మా ఇంట్లో ఉప్పు బాగానే ఉండాది."

నాగేశ్వరమ్మ నుంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో దగ్గో తెలియలేదు. శేషయ్య ఆమె వైపు చూశాడు. ఆమె తల వంచుకుని ఇంకో కాయ అందుకుంది. తొడిమ గిల్లింది. ఆ కాయ వైపే చూస్తూ మాట్లాడింది.

"నేను ఈ ఇంటికొచ్చిన ఏడు వాన పడలే. నేనేం చేసినా? మబ్బును పట్టి ఆపినానా? ఇప్పటికీ ఊళ్ళో కరువంటే ఏ కరువని అడగరు. 'నాగేశ్వరమ్మ వచ్చిన ఏడు' అంటారు. నిన్నగాక మొన్న రచ్చకట్ట కాడ నువ్వే అన్నావు."

"ఊరికే గుర్తుకు అన్నాలే" అన్నాడు శేషయ్య.

"ముప్పై రెండేండ్ల నుంచి ఊరికే అంటాండావు."

ప్రవీణ్ తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ మాట అతనూ చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఊళ్ళో ఎవరి వయసు లెక్కగట్టాలన్నా అతను కూడా ఆ మాటే వాడేవాడు.

"ఇప్పుడు ఏమంటావు ప్రియా?" అన్నాడు అతను.

"మా ల్యాబులో ఒక్క చుట్టనే చూసి విత్తనం చెడ్డదని రాయం. పక్కన ఇంకొకటి పెట్టి చూస్తాం. నువ్వు కట్టుకో. మూడు దినాలు. రోజూ సాయంత్రం నేను ఫోను చేస్తా, ఏమన్నా జరిగిందా అని. జరిగిందే చెప్పు. దాయకు."

"వాడికెందుకు? వాడి రాశికి..." అన్నాడు శేషయ్య. "అయినా ఈ దినం మంగళవారం. శనివారం తప్ప కట్టకూడదు."

"శని పట్టేటప్పుడు వారం చూసుకుని పడతాడా యాడన్నా?" అంది నాగేశ్వరమ్మ, ఇంకో తొడిమ గిల్లుతూ.

ప్రవీణ్ చేతులు తుండుకు తుడుచుకున్నాడు. తొందరపడలేదు. తండ్రి వైపు చూశాడు, పళ్ళెంలో రాయి వైపు చూశాడు. చొక్కా చేతిని మడత మీద మడత పెట్టి భుజం దాకా ఎత్తాడు.

"కట్టు" అన్నాడు.

సాయి ప్రియ రాయిని వేళ్ళతో ఎత్తి ముగ్గురికీ చూపించింది. గుడ్డలో పెట్టి మడిచింది. విత్తన సంచికి సీలు వేసే ముందు కట్టినట్టు, జారని ముడి ఒక్కటే వేసింది. పూస పళ్ళెంలోనే మిగిలింది. నాగేశ్వరమ్మ దాన్ని తీసుకుని చెంగు కొసకు ముడివేసుకుంది.

*

మంగళవారం ఏమీ జరగలేదు. "వంకాయ కూరలో ఉప్పెక్కువైంది. అది రాసుకుంటావా?" అన్నాడు ప్రవీణ్ ఫోనులో.

"రాసుకున్నా" అంది సాయి ప్రియ.

బుధవారం సాయంత్రం ఆమె ఫోను చేసింది. వెనకాల గాలి హోరు వినిపించింది. పొలం గట్టున ఉన్నట్టున్నాడు.

"ఏమన్నా జరిగిందా?"

"డ్రోను పడింది."

ఆమె కూర్చున్న చోటి నుంచి లేచింది. "నీకేమీ కాలేదు గదా?"

"నాకేం కాలే. రుద్రవరం కాడ వరి చేలో. కరెంటు స్తంభానికి కట్టిన ఊతతీగ కనపడలే. రెండు రెక్కలు విరిగినాయి, మందు ట్యాంకు పగిలింది. ఈ వారం ఒప్పుకున్న పనులన్నీ పోయినట్టే."

అది మోటారు కాలినంత చిన్న సంగతి కాదు. సాయి ప్రియ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఇంతవరకు తనది న్యాయమన్న ధీమా ఒక్కటే ఉంది; ఇప్పుడు రవ్వంత భయం కదిలింది. ఆ రాయి నిజంగానే పడలేదేమో. ఆ భయం తనలో కూడా ఉందని తెలిసి ఆమెకు సిగ్గేసింది.

"మీ నాయనకు చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"తీగ చూసుకోవాల గదరా అన్నాడు."

"అంతేనా?"

"అంతే. ఎగరేసే ముందు ఒకసారి చేను చుట్టూ నడిచి రావాలన్నాడు. అయ్యేటిది అయిందిలే, అన్నం తిను అన్నాడు."

సాయి ప్రియ కిటికీ ఊచ వదిలింది.

"మోటారు కాలిన రోజు ఓల్టేజి సంగతి ఎవరన్నా అన్నారా ప్రవీణ్?"

"అమ్మ ఒక్కతే అనబోయింది." అతను గొంతు సవరించుకున్నాడు. "నేనూ అనలే. నాకు తెలుసు. మోటారు విప్పింది నేనే. తీగ చుట్టలు నల్లగా మాడిపోయి ఉండె. ఓల్టేజి దెబ్బే. మూన్నాళ్ళేగదా అని ఊరుకున్నా."

ఆమె అతనికి ధైర్యం చెప్పలేదు, కసురుకోనూ లేదు. "రేపు కూడా ఫోను చేస్తా" అంది.

గురువారం ఆమె చేయకముందే అతనే చేశాడు. "ఏమీ జరగలే. రేపు పొద్దున కొట్టుకు రా. నాయనను కూడా తీసుకొస్తాండా."

"వస్తానన్నాడా?"

"నిన్న రాత్రి రానన్నాడు. తీగ కనపడలేదని నన్ను తిట్టినట్టే మోటారును కూడా తిట్టింటే బాగుండె గదా నాయనా అని అడిగినా. అప్పటి నుంచి నాతో మాట్లాడలే. ఇప్పుడే చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చినాడు."

*

శుక్రవారం కొట్లో మళ్ళీ అవే కుర్చీలు, అదే వరసలో. కమలాక్షమ్మ మాత్రం వెనక కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. నాగేశ్వరమ్మ లోపలికి రాగానే ముందు ఆమె దగ్గరికే పోయింది. చెంగు ముడి విప్పి పూస ఆమె చేతిలో పెట్టింది. "మీ పూస వదినా. బాగా పనిచేసింది" అంది. కమలాక్షమ్మ ఏడవబోయి నవ్వేసింది.

ప్రవీణ్ చొక్కా మడిచి ముడి విప్పి, రాయిని బల్ల మీద పెట్టాడు. యజమాని దాన్ని పట్టుకారుతో ఎత్తి, దీపం కింద తిప్పి, గీత చూసుకుని తలాడించాడు. "కట్టి చూసినారా పెద్దాయనా? పడిందా? మూడు దినాల్లో ఏమన్నా జరిగిందా?"

అడగాల్సిన మాటే, అందరినీ అడిగేదే. కానీ ఆ కొట్లో అయిదుగురూ కదలకుండా శేషయ్య వైపు చూశారు. శేషయ్య బల్ల మీది అద్దంలో తన చెయ్యి చూసుకున్నాడు. కండువా సర్దుకున్నాడు.

"జరిగింది" అన్నాడు. "మోటారు కాలింది, ఓల్టేజి లేక. దూడ పోయింది, అడ్డం తిరిగి. వీడు డ్రోనును తీసుకుపోయి తీగకు కొట్టినాడు, కండ్లు లేక." అతను ఆగాడు. యజమానితోనే మాట్లాడుతున్నాడు గానీ ఎవరితో చెబుతున్నాడో అందరికీ తెలుసు. "ఇంట్లో అన్నాక ఏదో ఒకటి జరుగుతానే ఉంటాది. వాన పడని ఏడు కూడా ఉంటాది. దానికి మనిషినీ రాయినీ అనేదేముంది? నువ్వు బిగించప్పా."

నాగేశ్వరమ్మ కళ్ళజోడు తీసింది. ఈసారి తుడుచుకోలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

యజమాని వేలి కొలతల గుత్తి తీసి సాయి ప్రియ వేలికి ఒక్కొక్క రింగు తొడిగి చూశాడు. పదమూడో నంబరు సరిపోయింది. చీటీ మీద రాసుకుంటూ, అలవాటు ప్రకారం శేషయ్య వైపే తిరిగి అడిగాడు.

"వెనక తెరిచి పెట్టమంటారా, మూయమంటారా? తెరిస్తే రాయి ఒంటికి తగులుతాది, గుణం పూర్తిగా ఒంటికి పడతాది. కొంచెం బెరుకున్నోళ్ళు కింద బంగారు రేకు వేసి మూయించుకుంటారు. పైకి ఏ తేడా తెలీదు."

శేషయ్య నోరు తెరిచాడు. మూయమనే అనబోయాడేమో, అతని చెయ్యి ముందే కదిలింది.

"పెట్టుకునేది ఆ పాప. ఆ పాపను అడుగు" అంది నాగేశ్వరమ్మ.

యజమాని పెన్ను పట్టుకుని సాయి ప్రియ వైపు తిరిగాడు. కమలాక్షమ్మ పూసను గుప్పిట్లో బిగించింది. బుధవారం సాయంత్రం కిటికీ దగ్గర కదిలిన రవ్వంత భయం సాయి ప్రియకు మళ్ళీ తగిలింది. ఉండనీ అనుకుంది. ఆమె బల్ల మీదికి చెయ్యి చాపి, రాయిని అందుకుని, వెనక వైపు కిందికి ఉండేలా ఖాళీ వేలి మీద ఆనించి చూసుకుంది. చల్లగా ఉంది.

"తెరిచే పెట్టన్నా" అంది.